ఇరవయ్యో తారీఖుకే సరుకుల డబ్బు అయిపోతోంది

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారితో కలిపి ఐదుగురం. జీతం చేతికి 52,000 వస్తుంది. సరుకులు, పాలు, కూరగాయలకు నెలకు 12,000 దాటకూడదని ప్రతి ఒకటో తారీఖునా అనుకుంటాం. ఇరవయ్యో తారీఖుకే అయిపోతోంది. ఎక్కడ తగ్గించుకోవాలి?

జవాబు: మీరు పంపిన గత నెల బిల్లులన్నీ కూడితే 17,000 అయింది. నెల సరుకులు 6,200, పాలు 2,700, కూరగాయలు 2,500. మిగతా 5,600 పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లోవి. 31 ఆర్డర్లు, అంటే రోజుకొకటి! కొత్తిమీర కట్ట కోసం మొదలుపెట్టిన ఆర్డరు, డెలివరీ ఛార్జీ పడకూడదని బిస్కట్లు, చిప్స్ కలుపుకుని 200 దాకా పోతోంది. (మా ఇంట్లోనూ ఇదే తంతు. నవ్వడానికి నాకు అర్హత లేదు.) బియ్యం, పప్పుల దగ్గర మీరు వృథా చేస్తున్నదేమీ లేదు. వాటి జోలికి వెళ్లకండి.

అలాగని 12,000 కూడా కుదిరే అంకె కాదు. యాప్ ఆర్డర్లలో సగం గుడ్లు, పండ్లు లాంటి కావలసినవే. కుదరని అంకె పెట్టుకుంటే, అది దాటిన రోజు నుంచి ఎలాగూ దాటింది కదా అని ఇక లెక్కే చూడరు. మీకు 14,400 సరిపోతుంది. కానీ దాన్ని నెల మొత్తానికి ఒకే అంకెగా పెట్టుకోవద్దు. సరుకులకు 6,300, పాలకు 2,700 ఒకటో తారీఖునే పక్కన పెట్టేయండి. మిగిలే 5,400ను నాలుగుతో భాగించకండి, నెలంటే నాలుగు వారాలు కాదు, పైన రెండు మూడు రోజులుంటాయి. చాలామందికి లెక్క తప్పేది అక్కడే. ఏడాదికి 52 వారాల చొప్పున చూస్తే వారానికి దాదాపు 1,250 వస్తుంది. కూరగాయలు, గుడ్లు, పండ్లు, పిల్లల చిరుతిండి, మర్చిపోయిన ఆవాల ప్యాకెట్, అన్నీ ఇందులోనే.

ఈ 1,250ను ప్రతి ఆదివారం ఫోన్‌లో యూపీఐ లైట్‌లో (చిన్న చెల్లింపుల కోసం యూపీఐ యాప్‌లోనే ఉండే పర్సు) వేసుకోండి. అందులో 5,000 వరకు ఉంచుకోవచ్చు, ఒక్కో చెల్లింపు 1,000 వరకు పిన్ లేకుండా వెళ్తుంది. ఆటో టాపప్ (డబ్బు తగ్గగానే ఖాతాలోంచి దానంతటదే నింపుకోవడం) ఆన్‌లో ఉంటే మాత్రం తప్పకుండా ఆపేయండి. అప్పుడు బండి దగ్గరో రైతు బజార్లోనో చిన్న మొత్తానికి కూడా పిన్ అడిగిందంటే, ఈ వారం డబ్బు అయిపోయిందని అర్థం. అక్కడ ఒక్క క్షణం ఆగితే చాలు. అత్తయ్యగారు పొద్దున్నే బండి మీద ఆకుకూరలు కొంటారని రాశారు. ఆవిడకు ఇందులోంచే 300 నగదుగా ఇవ్వండి, లెక్క అడగొద్దు.

యాప్‌కు రూపాయల పరిమితి పెట్టి లాభం లేదు, సార్లకు పెట్టండి: వారానికి రెండే. కావలసినవి ఫ్రిజ్ మీద కాగితంలో రాసుకుంటూ పోతే, రెండో ఆర్డరు నాటికి సగం అవసరం లేదనిపిస్తుంది.

నూనె కొనేటప్పుడు ప్యాకెట్ మీద బరువు చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అదే సైజులో కనిపించే కొన్ని ప్యాకెట్లలో అంతకన్నా తక్కువ ఉంటుంది. రెండింటినీ గ్రాము ధరతోనే పోల్చండి.

మీరు అడగలేదు గానీ, బడ్జెట్‌ను అసలు దెబ్బకొట్టేది ఆవకాయ నెల. ఎండుమిర్చి, చింతపండు, ఏడాదికి సరిపడా కందిపప్పు, మామిడికాయలు, నూనె... ఫిబ్రవరి నుంచి మే దాకా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కొత్త పంట వచ్చినప్పుడు కొనడం మంచి అలవాటే, అయితే ఆ డబ్బు నెల ఖర్చులోంచి తీయకూడదు. ఇప్పుడు మిగలబోయే 2,600లో 1,000 దానికి, 500 పండుగలకు వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. చేతిలో డబ్బు లేకపోతే ఏడాది సరుకు అప్పు చేసి కొనొద్దు, నెలకింత చొప్పున తెచ్చుకోండి.

మొదటి రెండు వారాలు 1,250 దాటుతారు, కంగారు పడకండి. నాలుగో వారంలోనూ దాటితే దాన్ని 1,400 చేసి, సరుకుల జాబితాలోంచి 650 తగ్గించండి. 14,400 మాత్రం కదపొద్దు.