నేను చదివిన మెడికల్ కాలేజీలో పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్ పెట్టాలనుంది, ఎలా చేస్తే బాగుంటుంది?

అమెరికాలో డాక్టర్‌గా స్థిరపడ్డానని, ఏటా క్లాసులో ఫస్టు వచ్చినవాళ్లకు స్కాలర్‌షిప్ ఇవ్వాలనుకుంటున్నానని రాశారు. మీ ఆలోచన మంచిదే గానీ, ఫస్టు వచ్చేదాకా ఆగకండి సార్. డబ్బు అవసరం పడేది కాలేజీలో చేరిన మొదటి నెలల్లోనే.

నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ఇప్పుడు పల్నాడులో జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. మా బ్యాచ్‌వాళ్లం కొందరం కలిసి కొన్నేళ్లుగా జూనియర్లకు చేతనైనంత సాయం చేస్తున్నాం. గవర్నమెంటు సీటు వస్తే ఇక ఖర్చే ఉండదని ఊళ్లో అందరూ అనుకుంటారు. ట్యూషన్ ఫీజు తక్కువే, నిజమే. కానీ హాస్టల్, మెస్ అడ్వాన్సు, ఏప్రన్లు, అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పుస్తకాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా కూలికెళ్లే తండ్రి వడ్డీకి తెస్తాడు. ఆ వడ్డీ పిల్ల హౌస్ సర్జన్ అయ్యేదాకా పెరుగుతూనే ఉంటుంది.

దరఖాస్తు పెట్టుకోమంటే అసలు అవసరమున్న పిల్లలు ముందుకు రారు. ఒకమ్మాయి రూమ్మేట్ పడుకున్నాక ఆమె పుస్తకం తీసుకుని చదువుకునేది. తనంతట తను ఎవరినీ అడగలేదు, వార్డెన్ మేడమ్ గమనించి మాకు ఫోన్ చేశారు. అందుకే ఎవరికివ్వాలో వార్డెన్‌నీ, సెకండియర్ పిల్లలనీ అడుగుతాం. మెస్ డబ్బు నేరుగా మెస్‌కే కట్టేస్తాం. పేరు బయటికి పొక్కనివ్వం. స్టేజి మీద చెక్కు, శాలువా, ఫొటో అసలు వద్దు, ఆ వయసులో అది చాలా బాధపెడుతుంది.

అనాటమీ నేర్చుకోడానికి వాడే ఎముకల సెట్లు మాత్రం కొనివ్వకండి. సీనియర్ల నుంచి చేతులు మారిన సెట్టే మేలు. తొడ ఎముక మీద కండరం మొదలయ్యే చోట ఎర్రరంగు, అతుక్కునే చోట నీలిరంగు వేసి ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లకు అదే సగం పాఠం.

గుంటూరులోనే చదివిన డాక్టర్ ఉమా గవిని గారు 2022లో జనరల్ ఆసుపత్రి మాతాశిశు విభాగం కోసం 20 కోట్ల రూపాయలు ప్రకటించారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మీరూ నేనూ అంత ఇవ్వలేకపోవచ్చు, కానీ ఒక పిల్లాడి ఏడాది మెస్ బిల్లు మనకు భారం కాదు.

ఇక డబ్బు పంపే సంగతి. మీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే, మీ సొంత డబ్బు బ్యాంకు ద్వారా మామూలుగా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే పంపాలి. స్నేహితుడి ఖాతాలో వేసి పంచిపెట్టమనకండి, అతను చిక్కుల్లో పడతాడు. మీ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం అక్కడ 501(సి)(3) కింద, అంటే అమెరికా పన్ను చట్టం ప్రకారం సేవా సంస్థగా, నమోదై ఉందేమో ముందు కనుక్కోండి, పన్ను మినహాయింపు కూడా దొరుకుతుంది. ఏదైనా అడ్మిషన్లు పూర్తయ్యేలోపే డబ్బు ఇక్కడికి చేరేలా చూడండి.