బొమ్మ పడలేదా, రాలేదా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మా అపార్ట్‌మెంటు కింది హాల్లో ఆదివారాలు పిల్లలకు తెలుగు తరగతి నడుపుతున్నాం. పాత ప్రొజెక్టరు ఒకటి ఉంది. వారానికో రోగం దానికి. ఎప్పుడేం చేయాలో కాగితం మీద రాసి గోడకు అంటిద్దామనుకుంటే అక్కడ మొదలైంది గొడవ. మా కార్యదర్శిగారు "చిత్రము ప్రక్షేపింపబడనిచో, ధ్వని ఉత్పన్నము కానిచో" అని రాశారు. నేను "బొమ్మ రాకపోతే, శబ్దం రాకపోతే" అని దిద్దాను. మా వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు. "బొమ్మ పడ్నేదు, గొంతు నేదు అనండమ్మా, ఎవులికైనా తెలుస్తాది" అంటాడు. వీటిలో ఏది ఒప్పు? "పడటం" అనాలా, "పడడం" అనాలా? నా కాగితంలో "బొమ్మ వంకరగా ఉంటే", "బొమ్మ పచ్చగా ఉంటే", "బొమ్మ ఆగిపోతే", "పిన్నులకు తుప్పు పడితే" అన్న మాటలు కూడా ఉన్నాయి. వాటినీ ఒకసారి చూడగలరు.
— ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, చిన్న ముడి ముందు విప్పేస్తాను. పడటం, పడడం రెండూ వాడుకలో ఉన్నవే, రెండూ ఒప్పే. నోటితో మనం అనేది ఎలాగూ "పడ్డం". ఒక కాగితంలో ఏదో ఒకటే వాడండి, చాలు.

ఇక అసలు సంగతి. మీరూ వాచ్‌మనూ ఒకే విషయాన్ని రెండు రకాలుగా చెప్పారని మీరు అనుకుంటున్నారు. నాకు అలా తోచడం లేదు. మీరిద్దరూ రెండు వేర్వేరు రోగాల పేర్లు చెప్పారు.

తెలుగులో వెలుగు పడుతుంది. ఎండ పడుతుంది, నీడ పడుతుంది. కరెంటు పోయిన రాత్రి దీపం ముందు వేళ్ళు ముడిచి పట్టుకుంటే గోడ మీద కుక్కబొమ్మ పడుతుంది. ఒకచోట బయలుదేరి ఎదురుగా ఉన్నదాని మీద వాలేదానికి మనవాళ్ళు వాడే క్రియ 'పడు'. సినిమాహాలు బయట సోడా తాగుతున్నవాళ్ళు "బొమ్మ పడిపోయిందిరా" అంటూ లోపలికి పరుగెత్తడం మీరు వినే ఉంటారు. 'వచ్చు' తీరు వేరు. ఉత్తరం వస్తుంది, కుళాయి నీళ్ళు వస్తాయి, కరెంటు వస్తుంది. ఎక్కడినుంచి, ఏ దారిన అన్న ప్రశ్న ఆ క్రియను అంటిపెట్టుకునే ఉంటుంది.

ప్రొజెక్టరులో ఈ రెండు పనులూ విడివిడిగా జరుగుతాయి. లాప్‌టాప్ నుంచి తీగ వెంట బొమ్మ ప్రొజెక్టరు దాకా రావాలి. అక్కడినుంచి దీపం వెలుగులో అది తెర మీద పడాలి. నీలంరంగు తెర మీద "నో సిగ్నల్" అన్న అక్షరాలు కనబడ్డాయనుకోండి. ఆ అక్షరాలు పడ్డాయి కదా! అంటే దీపం వెలుగుతోంది, లెన్సుకు మూత లేదు. పడడానికి ఏ ఆటంకమూ లేదు, రావలసినదే రాలేదు. అప్పుడు ప్రొజెక్టరు జోలికి పోకుండా తీగ వెంట వెనక్కి నడవండి. తీగ రెండు కొసలూ బిగువుగా ఉన్నాయా? ప్రొజెక్టరు మీది సోర్స్ బటన్ నొక్కి, తీగ గుచ్చిన రంధ్రం పేరునే ఎంచుకున్నారా? లాప్‌టాప్‌లో విండోస్ మీట, పి అక్షరం కలిపి నొక్కి "డూప్లికేట్" పెట్టారా? నూటికి తొంభైసార్లు బొమ్మ ఈ మూడింటిలో ఒకచోట చిక్కుకొని ఉంటుందని నా అనుభవం.

అదే తెరంతా చీకటిగా ఉండి, ప్రొజెక్టరు ఒంటి మీద ఎర్ర దీపమో, మిణుకుమనే దీపమో కనిపిస్తే అది "పడలేదు". అప్పుడు తీగ ఎన్నిసార్లు పీకి గుచ్చినా లాభం లేదు. మూత తీశారా, బల్బు గంటలు నిండాయా అని చూసుకోవాలి. బల్బు ప్రొజెక్టర్లలో బల్బు సాధారణంగా 2000 నుంచి 5000 గంటలు పనిచేస్తుంది. ఎన్ని గంటలు వెలిగిందో యంత్రం మెనూలోనే రాసి ఉంటుంది.

కాబట్టి మీ కాగితంలో రెండు శీర్షికలూ ఉండాలి: "బొమ్మ రాకపోతే", "బొమ్మ పడకపోతే".

కార్యదర్శిగారి "ప్రక్షేపింపబడనిచో" గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఆయన నొచ్చుకుంటారు. ఆయన మాటలోనూ 'పడు' ఉంది, గమనించారా? 'కనబడు', 'వినబడు'లలో ఉన్నదీ అదే. కానీ కనబడు, వినబడు మన నోట పుట్టిన మాటలు. "కలపబడవలెను, నొక్కబడవలెను" అన్నవి నోటీసుల్లోనే పుట్టి నోటీసుల్లోనే పోతాయి. ఎవరు కలపాలి? చదివేవాడే కదా. "తీగ కలపండి" అంటే పోలా? ప్రక్షేపకం అన్న మాటలో తప్పేమీ లేదు. క్షిప్ అంటే విసరడం, ముందుకు విసిరేది ప్రక్షేపకం. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్‌లోనూ అర్థం అదే. చిక్కంతా దాని బంధువులతోనే. క్షిపణి ఆ ధాతువు నుంచి వచ్చిందే. ఎవరో తరవాత చొప్పించిన పద్యాలను ప్రక్షిప్తాలు అంటామే, అదీ అంతే. తూర్పు నౌకాదళం కాపురమున్న ఊళ్ళో "ప్రక్షేపకము పనిచేయుట లేదు" అని గోడకు అంటిస్తే పిల్లలు ఏమనుకుంటారో చూసుకోండి. మన ఉత్తరాంధ్రవాడే అయిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నాం. మీ కార్యదర్శిగారు ఆ రోజు ఇదే హాల్లో మైకు పట్టుకొని వ్యావహారికం గొప్పతనం చెప్పే ఉంటారు. ప్రొజెక్టరును ప్రొజెక్టరు అననివ్వండి.

శబ్దం దగ్గరకొద్దాం. "ప్రొజెక్టరు నుంచి శబ్దం వస్తోంది" అని నేనంటే మీకేం అర్థమవుతుంది? పాట వస్తోందనా, లోపలి ఫ్యాను గోల పెడుతోందనా? ఒకటి శుభవార్త, ఇంకొకటి ఫిర్యాదు. శబ్దం అన్న మాట ఈ రెంటినీ మోస్తుంది. వ్యాకరణంలోకి పోతే మూడో బరువు కూడా ఎత్తుకుంటుంది, అక్కడ శబ్దమంటే మాట. ధ్వని అంటే ఒకరికి భౌతికశాస్త్రం గుర్తొస్తుంది, నాబోటివాడికి కావ్యానికి ఆత్మ ధ్వని అన్న ఆనందవర్ధనుడు గుర్తొస్తాడు. మీ వాచ్‌మన్ అన్న "గొంతు" నాకు బాగా నచ్చింది. తెర మీద మనిషి పెదవులు ఆడుతున్నాయి, గొంతు లేదు. ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు? పాఠం వినిపించే తరగతికి అది చక్కగా సరిపోతుంది. పాటలు కూడా వేస్తారు గనక, పిల్లలందరికీ తెలిసిన "సౌండ్" అని రాసినా నేను కాదనను. ఫ్యానుది మాత్రం "చప్పుడు" అనే రాయండి. చప్పుడు అంటే మనం కోరనిదని వేరే చెప్పనక్కర్లేదు.

గొంతు పోయినప్పుడు కూడా అది రాలేదా, వేరేచోటికి వెళ్ళిందా అని చూడాలి. 15 పిన్నులుండే పాత వీజీఏ తీగ బొమ్మను మాత్రమే మోస్తుంది. గొంతుకు వేరే తీగ కావాలి. ఆ సంగతి తెలియక బొమ్మ వచ్చింది, గొంతేదీ అని అరగంట వెతికేవాళ్ళున్నారు. హెచ్‌డీఎంఐ తీగ రెండింటినీ మోస్తుంది. అందులో ఇంకో తిరకాసు. అది గుచ్చగానే చాలా లాప్‌టాప్‌లు గొంతును ప్రొజెక్టరులోని బుల్లి స్పీకరుకు పంపేస్తాయి. మీ హాల్లోని పెద్ద స్పీకర్లు లాప్‌టాప్‌కు తగిలించి ఉంటే అవి నోరు మూసుకుంటాయి. గొంతు పోలేదు, ఇల్లు మారింది. లాప్‌టాప్ కింది మూల స్పీకరు గుర్తు నొక్కి, పాత ఇంటికి పిలవాలి.

ఉన్న గొంతు పాడైతే దాన్ని చెప్పడానికి తెలుగుకున్న సంపద ఇంకెక్కడా లేదని గొప్పగా అనుకుంటుంటాను (ఈ మాట ప్రతి భాషవాడూ తన భాష గురించి అనుకుంటాడట). గరగరలాడితే పిన్ను వదులు. గుంయ్‌మని ఒకే శ్రుతిలో మోగుతుంటే ఎర్తు తేడా. లాప్‌టాప్‌నూ స్పీకర్లనూ ఒకే ప్లగ్గుబోర్డుకు పెట్టి చూడండి. చెవులు చిల్లులు పడేలా కీచుమంటే మైకు స్పీకరుకు ఎదురుపడింది, పక్కకు జరపండి. ఎలక్ట్రీషియనుకు ఫోన్‌లో "సౌండ్ ప్రాబ్లమ్" అనకుండా ఈ అనుకరణ పదాల్లో ఒకటి చెప్పండి. ఏ పనిముట్టు తెచ్చుకోవాలో అతనికి తెలిసిపోతుంది.

"బొమ్మ ఆగిపోతే" అన్న మీ వాక్యం చూసి నాలో నేనే నవ్వుకున్నాను. ఈ మాట దగ్గర నేనే బోల్తాపడ్డాను. బీచి రోడ్డు దగ్గర ఒక హాల్లో మాట్లాడుతుంటే నడిమధ్యలో తెర నల్లబడింది. నేనే మెకానిక్కుకు ఫోన్ చేసి, "బాబూ, బొమ్మ ఆగిపోయింది" అన్నాను. పాపం, గాజువాక నుంచి మధ్యాహ్నపుటెండలో బండి మీద వచ్చాడు, సంచీలో రెండు కొత్త తీగలు, పెన్‌డ్రైవు వేసుకొని. వచ్చి చూసి, "ఇది ఆగడం కాదండీ, ఆరడం. చెప్పుంటే ఫిల్టరు తెచ్చేవాణ్ణి" అన్నాడు. నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, నోరెత్తలేదు. బొమ్మ కదలకుండా ఉన్నచోటే బిగుసుకుపోతే ఆగింది, తప్పు లాప్‌టాప్‌ది. వెలుగే పోతే ఆరింది, తప్పు ప్రొజెక్టరుది. ఎక్కువగా గాలి పీల్చుకొనే చోట దుమ్ము పేరుకొని, లోపల వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి అది ఆరిపోతుంది. ఫిల్టరు తీసి దుమ్ము దులిపి, చల్లారనిచ్చి వేస్తే మళ్ళీ వెలుగుతుంది. ఇంట్లో దీపం ఆరిందని పెద్దలు అనరు, కొండెక్కింది అంటారు. బల్బు గంటలు నిండి ఇక వెలగనప్పటికి ఆ మాట అట్టిపెట్టుకోవచ్చు.

"వంకర" అన్నది మరీ అప్పనంగా వాడారు. ఒక పక్కకు వాలితే "ఒరిగింది" అనండి, యంత్రం కింది కాలు తిప్పితే సరిపోతుంది. పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటే? లెక్కల పుస్తకంలో సమలంబ చతుర్భుజం. ఇంగ్లీషువాళ్ళు కమాను నడినెత్తిన బిగించే రాయి పేరు పెట్టుకున్నారు, మెనూలో "కీస్టోన్" అని ఉండేది అదే. మన వంటింట్లో ఆ ఆకారం చేటది, మూతి వెడల్పు, వెనక ఇరుకు. "బొమ్మ చేటలా ఉంటే" అని రాయండి. ప్రొజెక్టరు మూతి పైకెత్తి పెట్టినప్పుడు పై అంచుకు వెళ్ళే వెలుగు ఎక్కువ దూరం పోయి ఎక్కువగా పరుచుకుంటుంది, అందుకే చేట. మెనూలో సరిచేయవచ్చు గానీ బొమ్మ కొంత పదును పోగొట్టుకుంటుంది. కింద ఎత్తు పెట్టి యంత్రాన్ని తెరకు సూటిగా నిలపడం మేలు. ఇక అక్షరాలు అద్దంలో చూసినట్టు కుడియెడమలు మారితే, ఎవరో మెనూలో "రియర్" నొక్కారన్నమాట. అది తోలుబొమ్మలాట పద్ధతి, దీపం తెర వెనక, జనం ముందు. మీ దీపం జనం వైపే ఉంది గనక "ఫ్రంట్" పెట్టండి.

"పచ్చగా ఉంటే" అన్నది అసలు కుదరదు. పచ్చకామెర్లవాడి పచ్చ వేరు, పచ్చిక పచ్చ వేరు. ఇక్కడ ఆ తేడాతోనే పని. వీజీఏ తీగలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ మూడు పిన్నుల్లో విడిగా నడుస్తాయి. నీలం పిన్ను అందకపోతే తెల్లకాగితం పసుపుపచ్చగా కనబడుతుంది. ఆకుపచ్చగా కనబడితే మిగతా రెండూ అందలేదన్నమాట. ఏ పచ్చో రాయండి. తీగ మార్చినా పసుపు వదలకపోతే రోగం యంత్రం లోపలే ఉంది.

మసక, వెలవెల ఈ రెంటినీ కలపకండి. అంచులు తేలకపోతే మసక, లెన్సు ఉంగరం తిప్పాలి. అంచులు బాగుండి వెలుగు చాలకపోతే వెలవెలబోయింది, కిటికీ తెరలు వేయాలి, లేదా బల్బు ముసలిదైంది. మన ఊరికి ప్రత్యేకం ఇంకోటుంది. ఏసీ గదిలో దాచిన ప్రొజెక్టరును తెచ్చి ఉక్కపోసే హాల్లో పెడితే చల్లటి లెన్సుకు ఆవిరి పడుతుంది. తుడవకండి, కాసేపు ఆగండి.

పిన్నులకు పట్టేది తుప్పు కాదమ్మా. తుప్పు ఇనుముకు. రాగికి, ఇత్తడికి పట్టే పచ్చనిది (ఆకుపచ్చనిది!) చిలుము. మన సముద్రపు ఉప్పుగాలికి అది బేగి పడుతుంది.

వాచ్‌మన్ "నేదు"ను ఏం చేయాలో మీరు అడగలేదు గానీ, మనసులో ఉన్నట్టుంది. కాగితం మీద "లేదు" అనే రాయండి. ఆయన దాన్ని "నేదు" అనే చదువుకుంటాడు.