తాతగారి అంబాసిడర్‌ను తరువాతి తరానికి ఎప్పుడు, ఎవరికి, ఎలా అప్పగించాలి?

మీ తాతగారు కొన్న అంబాసిడర్ ఇప్పుడు మీ నాన్నగారి పేరున ఉందనీ, ఆయనకు డెబ్బై అయిదేళ్లు దాటాయనీ, మీరు ముగ్గురు తోబుట్టువులు గనుక బండిని ఎవరికి, ఏ పద్ధతిలో అప్పగించాలో తేలడం లేదనీ అడిగారు. మా ఇంట్లో 1973 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. అది మా నాన్నగారి నుంచి నాకు, నా నుంచి మా అన్నయ్య కూతురికి చేరింది కాబట్టి ఈ విషయంలో నాకు తెలిసినది చెబుతాను. నాన్నగారు ఆరోగ్యంగా, బండి సంగతులు తానే కూర్చుని చెప్పగలిగే స్థితిలో ఉండగానే, ఒక్కరి పేరుకే మార్పించండి.

ఇలా అనడానికి మొదటి కారణం కాగితాలు. యజమాని బతికి ఉండగా మార్పు చేయాలంటే ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, ఆర్.సి., ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే దాదాపు సరిపోతుంది. యజమాని పోయాక మాత్రం వారసుడు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో దరఖాస్తు చేసుకోవాలి. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, తల్లి ఉంటే ఆమెకు, కొడుకులకు, కూతుళ్లకు అందరికీ సమాన హక్కు ఉంటుంది. అందువల్ల తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తేవాలి, మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని అఫిడవిట్ రాసివ్వాలి. వారిలో ఒకరు మెల్‌బోర్న్‌లోనో డాలస్‌లోనో ఉంటే ఆ సంతకం కోసం బండి నెలల తరబడి షెడ్డులో కూర్చోవలసి వస్తుంది. అలా కూర్చున్న బండికి బ్యాటరీ పోతుంది, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, సీట్ల కింద ఎలుకలు కాపురం పెడతాయి.

ముగ్గురి ఉమ్మడి ఆస్తిగా ఉంచుదామన్న ఆలోచన వినడానికి బాగుంటుంది గానీ, నేను దానికి ఒప్పుకోను. స్థలమైతే ఉమ్మడిగా పడి ఉండగలదు. కారుకు వారానికోసారైనా ఎవరో ఒకరు తాళం తిప్పాలి, టైర్లకు ఎవరి జేబులోంచో డబ్బు రావాలి. అందరిదీ అన్న బండిని మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లేది ఎవరు? పేరు ఒకరిది చేసి, మిగిలిన ఇద్దరి పిల్లల పెళ్లిళ్లకు బండి ఇవ్వాలనీ, అమ్మదలిస్తే ముందు ఇంట్లోవారికే చెప్పాలనీ ఒక కాగితం రాసుకోండి. దానికి కోర్టులో ఎంత విలువ ఉంటుందన్నది వేరే సంగతి, తోబుట్టువుల మధ్య మాత్రం అది బాగానే పని చేస్తుంది.

ఇక ఎవరికి అన్న ప్రశ్న. మా అబ్బాయికి ఆ కారంటే ప్రాణం. చిన్నప్పుడు దాని వెనక సీట్లోనే నిద్రపోయేవాడు, ఇప్పటికీ వీడియో కాల్ చేస్తే ముందు షెడ్డు చూపించమంటాడు. కానీ వాడు టెక్సాస్‌లో స్థిరపడ్డాడు, తిరిగి వచ్చే ఆలోచన లేదు. మా అన్నయ్య కూతురు గుంటూరులోనే ఉంటుంది, చేతికి గ్రీజు అంటితే చిరాకు పడదు, అర్థం కానిది రెండుసార్లయినా అడుగుతుంది. అందుకే ఆమెకు ఇచ్చాను. ఇష్టాన్ని చూసి కాక ఓపికను, ఊరిని, షెడ్డును చూసి ఇవ్వండి. కొడుకు ఉండగా అన్న కూతురికి ఇవ్వడమేమిటని మా బంధువులు కొందరు నొచ్చుకున్నారు. బండి నడుస్తూ ఎదురుపడేసరికి ఆ మాట మానేశారు.

పేరు మార్చడానికి ముందు ఒక ఏడాది పాటు ఆమెతోనే పనులన్నీ చేయించాను. ఈ బండి మొదటి గేరుకు సింక్రోమెష్, అంటే బండి కదులుతుండగా గేరు పళ్లు సాఫీగా కలిసేలా చేసే అమరిక, లేదు గనుక పూర్తిగా ఆగిన తరువాతే ఫస్టులో వేయాలి. స్టీరింగు పక్కనుండే హ్యాండ్ గేరు లింకుల్లో బుష్‌లు అరిగితే గేరు ఎక్కడ పడుతుందో తెలియదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే కాబట్టి నీళ్లు నిలిచిన రోడ్డు దాటాక బ్రేకు పెడల్ మీద కాలు కాస్త ఆనించి నడిపి లైనింగులు ఆరబెట్టుకోవాలి. బండి ముందు నుంచి దూర్చి తిప్పే హ్యాండిల్‌తో స్టార్టు చేసేటప్పుడు బొటనవేలిని అవతలి వైపు చుట్టకుండా మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచి పట్టుకోవాలి, లేకపోతే ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. ఇవేవీ ఆర్.సి.లో ఉండవు.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది సీబీ పాయింట్ల పని, అంటే ఇంజనులో నిప్పురవ్వ సమయానికి పుట్టేలా విచ్చుకుని మూసుకునే కాంటాక్టుల మధ్య ఖాళీ సరిచేయడం. అవి ఉండే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు పూర్తిగా విచ్చుకునే దాకా హ్యాండిల్‌తో ఇంజనును మెల్లగా తిప్పి, ఆ ఖాళీలో 15 థౌ (అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు) మందం ఉన్న ఫీలర్ గేజి ఆకు, అంటే సందులు కొలిచే పలుచని రేకు, పెట్టి చూడాలి. పేక కట్టలోంచి ముక్కను లాగినట్టు ఆ ఆకు కాస్త రాపిడి తెలుస్తూ జారాలి. ఆమె స్క్రూ బిగించిన ప్రతిసారీ ఖాళీ మారిపోయేది, “బాబాయ్, నువ్వు బిగిస్తే ఎందుకు కదలదు?” అని విసుక్కునేది. స్క్రూ బిగిసే చివరి క్షణంలో ప్లేటు కాస్త జరుగుతుందని, ఆ జరిగే మేరకు ముందే తగ్గించి పెట్టుకోవాలని మా నాన్నగారు నాకు చూపించారు. నేను ఆమెకు చూపించాను. మీ నాన్నగారి దగ్గర ఇలాంటివి ఎన్ని ఉన్నాయో, ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి.

మీ బండి మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి ఉంటే, 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల కింద వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి తన పాత మూడక్షరాల నంబరునే ఉంచుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి మాత్రం ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. అయితే ఆ తరువాత బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకువెళ్లవచ్చు గానీ రోజువారీ పనులకు నడపకూడదు. పైగా చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. మన జిల్లాల్లో ఒకప్పుడు డీజిల్ ఇంజను మార్పించిన అంబాసిడర్లు చాలానే తిరిగేవి, మీది అలాంటిదైతే ఈ దారి మరచిపోండి. ఆదివారం గుడికో తోటకో వెళ్లే బండి కావాలనుకుంటే అయిదేళ్లకోసారి మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువలే మేలని నా అభిప్రాయం, ఫీజు పెరిగినా సరే.

పెట్రోలు సంగతి కొత్త యజమానికి తప్పక చెప్పండి. ఈ ఇంజను సీసం కలిపిన పెట్రోలు కాలానిది, ఆ సీసమే వాల్వులు కూర్చునే చోటు అరగకుండా కాపాడేది. 2000లో అది దేశమంతటా ఆగిపోయాక, పోత ఇనుప హెడ్డులో ఎగ్జాస్టు వాల్వు కూర్చునే చోటు క్రమంగా అరిగిపోతుంది, కాబట్టి హెడ్డు విప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించడం మంచిది. ఇప్పుడు దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది, ట్యాంకులో తేమను పట్టి ఉంచుతుంది. గొట్టాలన్నీ కొత్త రకానివి వేయించి, బండి నెలలపాటు కదలదనుకుంటే ట్యాంకు ఖాళీ చేయించండి. సామాన్లు విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే ఇంకా దొరుకుతున్నాయి. అయితే దుకాణాల పేర్లు రాసివ్వడం కాక, నాన్నగారు స్వయంగా వెంట వెళ్లి వారసుణ్ణి వారికి పరిచయం చేయాలి. తెలిసిన ముఖానికి లోపలి గదిలోంచి పాత స్టాకు బయటికి వస్తుంది.

పేరు మార్పు కోసం రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లే ముందు చాసిస్ నంబరు మీద పేరుకున్న రంగును, గ్రీజును శుభ్రం చేయించండి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు స్పష్టంగా పడాలి, అవి ఆర్.సి.తో ఒక్క అంకె తేడా లేకుండా సరిపోవాలి. తేడా ఉంటే పేరు మార్పు కంటే ముందు ఆ సవరణకే దరఖాస్తు పెట్టండి. పేరు మారిన నాటి నుంచి 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు పాలసీ కూడా కొత్త యజమాని పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి.