ఉచిత సీటు వచ్చింది, చేర్చమంటారా?

ప్రశ్న: మావారు ఆటో నడుపుతారు. విద్యాహక్కు చట్టం కింద మా అమ్మాయికి ఇంటి దగ్గరి ప్రైవేటు బడిలో ఒకటో తరగతి సీటు వచ్చింది. చేర్చడానికి వెళితే పుస్తకాలు, యూనిఫాం, టై, బెల్టు, ‘ఇతరములు’ అని రాసిన చీటీ ఇచ్చి 9 వేలు కట్టమన్నారు. ప్రభుత్వం తమకు డబ్బు సరిగా ఇవ్వడం లేదట. కట్టి చేర్చాలా, వీధి చివరి మున్సిపల్ బడిలో వేయాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు ఆ చీటీ సంగతి. 2009 నాటి చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకిచ్చి, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదువు చెప్పాలి. ప్రభుత్వం తన బడిలో ఒక్కో విద్యార్థిపై పెట్టే ఖర్చు, ఆ బడి తీసుకునే ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది యాజమాన్యానికి చెల్లించాలి. ఈ నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 2012లోనే తేల్చింది. బకాయిలు అందక చిన్న బడులు జీతాలకు తడుముకుంటున్న మాట నిజమే కావచ్చు; అయినా అది వారికీ ప్రభుత్వానికీ మధ్య తేలవలసిన లెక్క. పిల్లల్ని బడికి పంపే తల్లులకు గత రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ‘అమ్మ ఒడి’ సాయం సొమ్ములోంచి ఈ ఫీజు కట్టించే ఏర్పాటు చేసినప్పుడే ఆ లెక్క తల్లుల మీదికి జారింది, అది సరికాదని నా గట్టి అభిప్రాయం. చదువు ఆగిపోయేలా చేసే ఏ ఖర్చూ పిల్లల మీద మోపరాదని 3వ సెక్షన్ చెబుతోంది. కనుక ‘ఇతరములు’ అంటే ఏమిటో విడివిడిగా రాసి, సంతకం చేసి ఇమ్మనండి. ఇవ్వకపోతే చీటీ నకలు జతచేసి మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి.

ఎక్కడ చేర్చాలన్నదానికి వస్తే, ఈ హక్కు ఎనిమిదో తరగతితో ఆగిపోతుందన్నది చాలామంది తల్లిదండ్రులు గమనించరు. తొమ్మిది, పది తరగతుల ఫీజు అప్పటి ధరల్లో మీ మీదే పడుతుంది. అందుకని సీటు ఖాయం చేసుకునే గడువులోపే ఒక పూట మున్సిపల్ బడికి వెళ్లి చూడండి. తరగతికొక టీచరు ఉన్నారా, లేక రెండు మూడు తరగతులను ఒకే గదిలో కలిపి కూర్చోబెడుతున్నారా? రెండో తరగతి పిల్ల తన వాచకంలో ఒక పేజీ కూడబలుక్కోకుండా చదవగలుగుతోందా? ఇవే ప్రశ్నలు ప్రైవేటు బడిలోనూ అడగండి, టై బెల్టు చూసి తృప్తిపడకండి. మున్సిపల్ బడిలో తరగతికొక టీచరు ఉంటే, మీ స్థానంలో నేనైతే అక్కడే వేస్తాను. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉచితమే. ఒక్క టీచరే బడి మొత్తాన్ని లాక్కొస్తుంటే మాత్రం వచ్చిన సీటు వదులుకోవద్దు. ఈ కోటా ప్రవేశం ఒకటో తరగతిలోనే కాబట్టి, ఇప్పుడు పోయిన సీటు వచ్చే ఏడాది రెండో తరగతిలో దొరకదు.