మూడో రోజుకే దూడకు తెల్ల పారుడు: నట్టల మందు కాదు, మొదటి గంటలో ముర్రుపాలు

ప్రశ్న: మా గేదె దూడ పుట్టిన మూడో రోజు నుంచి తెల్లగా, నీళ్లలా పారుకుంటోంది. పోయిన ఈతలోనూ ఇలాగే దూడ చనిపోయింది. మాయ పడ్డాక, అంటే ఈనిన 8 గంటలకు పాలు తాపాం. నట్టలనుకుని మందు పట్టించాం. పాలు ఎక్కువయ్యాయేమోనని ఆపేశాం. షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ బిళ్ల పూటకు సగం వేస్తున్నాం. తగ్గడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఇవి నట్టలు కావు. గేదె దూడలకు ఏలిక పాములు తల్లి పాల ద్వారా వచ్చే మాట నిజమే. కానీ అవి పేగులో ఎదిగి గుడ్లు పెట్టడానికి దాదాపు 3 వారాలు పడుతుంది. నా అనుమానం ఇ.కోలి బ్యాక్టీరియా మీద. దానికి దారి ఇచ్చింది ఆ 8 గంటల ఆలస్యం.

ముందు దూడను బతికించుకోండి. పారుడులో దూడను చంపేది ఒంట్లో నీరు, లవణాలు పోవడమే. లీటరు కాచి చల్లార్చిన నీటిలో గ్లూకోజు 20 గ్రాములు, ఉప్పు 3.5, వంటసోడా 2.5, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు తూచి కలపండి. తూచలేకపోతే మనుషులకు వాడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వాడండి. 30 కిలోల దూడకు పూటకు లీటరు చొప్పున రోజుకు 3, 4 సార్లు పట్టించాలి. పాలు ఆపొద్దు, వెంటనే మళ్లీ మొదలుపెట్టండి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తాపండి. పాలకూ ఈ నీటికీ మధ్య 2 గంటలు తేడా ఉండాలి, రెండూ కలపకూడదు. మెడ మీద చర్మం పట్టి వదిలితే 2 సెకన్లలో వెనక్కి పోకపోయినా, కళ్లు లోతుకు పోయినా, దూడ చీకడం మానేసినా ఇంటి వైద్యం ఆపి పశువైద్యుడిని పిలవండి. నరంలోకి సెలైన్ ఎక్కించాల్సిందే.

ఇక కారణం. దూడ పుట్టినప్పుడు దాని రక్తంలో యాంటీబాడీలు, అంటే రోగక్రిములను అడ్డుకునే ప్రోటీన్లు దాదాపు ఉండవు. తల్లి మాయ వాటిని లోపలికి పంపదు. ముర్రుపాలలో అవి దండిగా ఉంటాయి. పుట్టిన కొత్తలో పేగు వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి తీసుకుంటుంది. 6 గంటలు దాటాక ఈ శక్తి బాగా తగ్గుతుంది, 24 గంటలకు తలుపు మూసుకుపోయినట్టే. ఈలోగా పేడ అంటిన పొదుగు, తడి నేల నుంచి ఇ.కోలి నోట్లోకి వెళ్తుంది. సన్నని నూగులాంటి పోగులతో పేగు గోడను పట్టుకుని విషం వదులుతుంది. కణాలు నీటిని పేగులోకి వదిలేస్తాయి. ముర్రుపాలు ముందే చేరి ఉంటే వాటిలోని యాంటీబాడీలు ఆ పోగులకే అంటుకుని బ్యాక్టీరియాను గోడ పట్టుకోనివ్వవు.

పేగు గోడలో దూడ సొంత రక్షణ కణాలూ ఉంటాయి. అవి పేగులోని బ్యాక్టీరియాను కొద్దికొద్దిగా లోపలికి తీసుకుని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేయిస్తాయి. అయితే ఈ పని ఊపందుకోవడానికి రెండు మూడు వారాలు కావాలి. అంతవరకు దూడకు ఆసరా తల్లి పాలే.

ఆ బిళ్లలు ఈరోజే ఆపండి. దూడను చూడకుండా, బరువు అడగకుండా షాపులో ఇచ్చిన సగం బిళ్ల మందు కాదు. చెడ్డ బ్యాక్టీరియాకు చోటు దక్కనివ్వని మంచి బ్యాక్టీరియాను అది చంపుతుంది, మొండి రకాలను మిగులుస్తుంది. విరేచనాలను కట్టేసే బిళ్లలూ వేయొద్దు, విషం పేగులోనే నిలిచిపోతుంది. జ్వరం 103 డిగ్రీలు దాటినా, పేడలో రక్తం కనిపించినా సాల్మొనెల్లా అనే మరో బ్యాక్టీరియా కావచ్చు. దాని సంగతి వేరు. తనను మింగిన రక్షణ కణంలోనే బతకగలదు. అది రేపిన వాపు వల్ల పేగులో తయారయ్యే పదార్థాన్నే వాడుకుని పెరుగుతుంది. అప్పుడు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ అవసరం కావచ్చు. ఏది, ఎన్ని రోజులు అన్నది వైద్యుడు చెప్పాలి. ఇది మనుషులకూ సోకుతుంది, దూడను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

వచ్చే ఈతకు మాయ పడేదాకా ఆగకండి. దూడ చీకితే మాయ పడటానికీ మంచిదే. పొదుగు కడిగి, మొదటి గంటలోనే లీటరున్నర ముర్రుపాలు, 8 గంటల లోపు మరో లీటరున్నర తాపండి. దూడ బరువులో పదో వంతు అన్నది లెక్క. ముర్రుపాలు 4 రోజుల వరకు దూడకే వదలండి. బొడ్డును 7 శాతం టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. నట్టల మందు 10 నుంచి 14 రోజుల మధ్య, దూడను తూచిన తర్వాతే వేయించండి.