డిప్రెషన్‌కు మందులు వాడిన పిల్లకు డాక్టర్ లైసెన్స్ ఇవ్వరా?

కందుకూరు దగ్గర ఒక పల్లె నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి, కాస్త కుదించి ఇస్తున్నాను.

"మేడం, మేం పొగాకు, శనగ వేసే రైతులం. పాప నెల్లూరులో నీట్ కోసం లాంగ్‌టర్మ్ కోచింగ్ చదివింది. పోయినేడు హాస్టల్లో నిద్ర పట్టక, అన్నం తినక బాగా చిక్కిపోయింది. ఊరికే ఏడుస్తా ఉండేది. పొగతోటలో సైకియాట్రిస్ట్‌కి చూపిస్తే డిప్రెషన్ అని మాత్రలు రాశారు. ఎనిమిది నెలల్నుంచి వాడుతోంది. నీట్‌లో మార్కులు బాగానే వచ్చినయ్, కన్వీనర్ కోటాలో సీటు రావచ్చంటున్నారు. మా తోడల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. పిచ్చి మందులు వాడినట్టు రికార్డుంటే మెడికల్ కౌన్సిల్ లైసెన్స్ ఇవ్వదంట, అమెరికాలో అయితే ఫారంలోనే అడుగుతారంట. ఈ నెల మాత్రలు శనివారంతో అయిపోతాయి. ఇక ఆపేసి, ఆ ఫైలు కూడా చించేద్దామనుకుంటున్నాం. ఇంకొకాయన జార్జియా దేశంలో చదివిస్తే ఇవేవీ అడగరంటున్నాడు. ఇక్కడి ఎంబీబీఎస్, జార్జియా, ఆ తర్వాత అమెరికా, ఈ మూడూ పోల్చి ఏది మంచిదో చెప్పండి. బయట తెలిస్తే రేపు సంబంధాలకు కూడా ఇబ్బంది."

అన్నా, పోలిక తర్వాత చూద్దాం. ముందు మాత్రలు ఆపొద్దు. ఎనిమిది నెలలు వాడి పిల్ల తేరుకుందంటే, పరీక్ష రాసి మార్కులు తెచ్చుకుందంటే, వైద్యం పనిచేస్తోందని అర్థం. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు మానాలో రాసిన డాక్టరే చెప్పాలి. డల్లాస్‌లో ఉన్న తోడల్లుడు కాదు, నెల్లూరులో ఉన్న నేనూ కాదు. ఉన్నట్టుండి మానేస్తే తల తిరుగుతుంది, నిద్ర చెడుతుంది, మనసు కుదురుగా ఉండదు, తగ్గిన జబ్బు తిరగబెట్టవచ్చు. అదీ సరిగ్గా కొత్త కాలేజీ, కొత్త హాస్టల్, అనాటమీ హాలు మొదలయ్యే వేళకి.

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఫిట్స్ మందులు వాడే పిల్లాడి తల్లి అడిగింది, యాంగ్జైటీకి చికిత్స తీసుకున్న పిల్ల నాన్న అడిగారు. అందరూ లైసెన్స్ గురించే అడుగుతారు. కానీ ఉత్తరం చివర్లో ఎక్కడో ఒక మూల సంబంధాల మాట ఉంటుంది. మీరూ అదే రాశారు. మీ అసలు భయం కౌన్సిల్ కాదన్నా, ఊరు. ఆ భయానికి మెడికల్ కౌన్సిల్ పేరు పెట్టుకున్నారు. రెండింటికీ విడివిడిగా జవాబు చెబుతాను.

కౌన్సిల్ సంగతి. మీ అమ్మాయి ఫైనలియర్ పాసయ్యాక ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటుంది. దాంతో ఏడాది హౌస్ సర్జన్‌గా పనిచేస్తుంది. అది పూర్తయ్యాక డిగ్రీ, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు పెట్టి అసలు రిజిస్ట్రేషన్ తీసుకుంటుంది. తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యువల్. ఈ కాగితాల్లో సైకియాట్రిస్ట్ చీటీ ఎక్కడా లేదు. పొగతోటలో రాసిన చీటీ దానంతటది విజయవాడలో ఉన్న కౌన్సిల్ ఆఫీసుకు నడుచుకుంటూ పోదు. పోనివ్వడానికి చట్టమూ ఒప్పుకోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్ బాధ్యత. చట్టంలో రాసిన కొద్దిపాటి మినహాయింపులు తప్ప, రేపు పెళ్ళివారు వచ్చి అడిగినా ఆయన చెప్పకూడదు.

మరి కౌన్సిల్ ముందుకు డాక్టర్లు ఎందుకు వెళ్తారు? వైద్యంలో నిర్లక్ష్యం, తప్పుడు సర్టిఫికెట్లు, లేని డిగ్రీ బోర్డు మీద రాసుకోవడం, ల్యాబుల నుంచి కమీషన్లు, కడుపులో బిడ్డ ఆడా మగా అని చెప్పడం. 2002లో వచ్చిన వృత్తి నియమావళి నిండా ఇలాంటివే ఉన్నాయి. అక్కడ కూడా ఫిర్యాదు రాగానే పేరు కొట్టేయరు. విచారణ చేయాలి, డాక్టర్ మాట వినాలి. రాష్ట్ర కౌన్సిల్ తీర్పు నచ్చకపోతే జాతీయ మెడికల్ కమిషన్‌లో ఉన్న ఎథిక్స్, రిజిస్ట్రేషన్ బోర్డుకు అప్పీలుంది, ఆ పైన కమిషన్‌కే రెండో అప్పీలుంది. 2019 చట్టం అలా చెప్పింది. ఒకప్పుడు డిప్రెషన్ వచ్చి తగ్గడం ఈ తప్పుల లెక్కలో లేదు.

ఇక్కడ నాకు ఒక అసంతృప్తి ఉంది, చెప్పాలి. మన చట్టం డాక్టర్ ప్రవర్తన గురించి చాలా చెప్పింది కానీ, డాక్టరే జబ్బుపడితే ఎలా కనిపెట్టుకోవాలో సరిగా చెప్పలేదు. బ్రిటన్‌లో 1858 చట్టంతో పుట్టిన జనరల్ మెడికల్ కౌన్సిల్ ఉంది. అక్కడ 'ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్' అని ఒక మాట వాడతారు. ఈ మనిషి ఈ రోజు రోగిని చూస్తే రోగికి ప్రమాదం ఉందా లేదా అన్నదే దాని సారం. ఆరోగ్యం కూడా వాళ్ళు చూసే విషయాల్లో ఒకటే. కానీ జబ్బు పేరు చూసి తీర్పివ్వరు. తనకు జబ్బుందని ఆ డాక్టర్ గుర్తించాడా, చికిత్స తీసుకుంటున్నాడా, అవసరమైనప్పుడు సెలవు పెడుతున్నాడా అని చూస్తారు. అవన్నీ సవ్యంగా ఉంటే మామూలుగా వాళ్ళు కలగజేసుకోరు. ఆరోగ్యానికి సంబంధించిన విచారణలు బహిరంగంగా జరపరు కూడా. అలాంటి ఏర్పాటు మన దగ్గరా రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అమెరికా గురించి మీ తోడల్లుడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, కానీ పాతబడింది. అక్కడ లైసెన్స్ ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర బోర్డు. ఒకప్పుడు చాలా బోర్డుల ఫారాల్లో 'మీకెప్పుడైనా మానసిక వ్యాధికి చికిత్స జరిగిందా' అనే అడిగేవారు. ఆ ప్రశ్న డాక్టర్లకే చేటు చేసింది. భయపడి వైద్యం చేయించుకోవడమే మానేశారు. న్యూయార్క్‌లో కోవిడ్ మొదటి విడతలో ఎమర్జెన్సీ విభాగం నడిపిన డాక్టర్ లోర్నా బ్రీన్‌ను 2020 ఏప్రిల్‌లో పోగొట్టుకున్నాక, సహాయం తీసుకుంటే లైసెన్స్ పోతుందని ఆమె భయపడిందని కుటుంబం బయటికి చెప్పింది. 2022లో ఆమె పేరుతోనే వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం అక్కడ చట్టం వచ్చింది. అంతకు ముందే, 2018లో, రాష్ట్ర బోర్డుల సమాఖ్య గతంలో తీసుకున్న చికిత్స గురించి అడగొద్దని, ప్రస్తుతం పనికి అడ్డుపడే ఇబ్బంది ఉంటేనే అడగమని సిఫారసు చేసింది. చాలా రాష్ట్రాలు ఫారాలు మార్చుకున్నాయి, కొన్ని ఇంకా మార్చుకోవాలి. మీ అమ్మాయి అక్కడి ఫారం నింపాలంటే ఇంకా ఏడెనిమిదేళ్ళుంది. ఆ రోజు ఏం అడిగితే దానికి నిజం చెప్పాలి, అడగనిది చెప్పక్కర్లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. అడిగినప్పుడు అబద్ధం రాసి దొరికిపోతే, ఆ అబద్ధమే అసలు నేరమవుతుంది. జబ్బు కాదు.

అందుకే ఆ ఫైలు చించొద్దంటున్నాను. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, 'జబ్బొచ్చింది, వేళకి వైద్యం చేయించుకుంది, చదివింది, పరీక్ష రాసింది' అని మీ అమ్మాయి తరఫున సాక్ష్యం చెప్పేది అదొక్కటే. మీ ఇంట్లో షుగర్ రిపోర్టులుంటే ఏం చేస్తారు? ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాస్తారు. దీన్నెందుకు చించాలి? ఇంకో మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. 'పిచ్చి మందులు' అని రాశారు. ఆ మాట తోడల్లుడిదే కావచ్చు, కానీ మీరు దిద్దకుండా రాశారు. పిల్ల వినేలా ఇంట్లో అంటున్నారా? అంటుంటే ఈ రోజే మానేయండి. ఇంత ఉత్తరంలో సీటు ఉంది, లైసెన్స్ ఉంది, అమెరికా ఉంది. ఇప్పుడు పిల్ల రాత్రిళ్ళు నిద్రపోతోందా లేదా అన్న ముక్క లేదు. తనకేం చదవాలనుందో లేదు. హాస్టల్లో చిక్కిపోయినప్పుడు కూడా ముందు సీటు గురించి, తర్వాత పిల్ల గురించి ఆలోచించారేమోనని నాకు అనుమానం. కాకపోతే సంతోషం.

కొన్నేళ్ళ కిందట ఒక తల్లి కూడా ఇలాగే ఆలోచించింది. కొడుకు మెడికల్ కాలేజీ హాస్టల్లో ఉంటే, మాత్రలన్నీ బీకాంప్లెక్స్ డబ్బాలో పోసి పంపేది, రూమ్మేట్లకు తెలియకూడదని. ఆ పిల్లాడికి అర్థమైంది ఏమిటంటే, తనకున్నది చెప్పుకోకూడని విషయం అని. మూడో ఏడు ఎవరో ఆ డబ్బాలోంచి ఒక మాత్ర అడిగారట. ఆ భయంతో మొత్తం మానేశాడు. మూడు వారాలకు క్లాసులకు పోవడం మానేశాడు, పరీక్ష పోయింది. మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు, ఆరు నెలలు వెనకబడినా పూర్తి చేశాడు. ఇప్పుడు డ్యూటీ డాక్టర్‌గా పనిచేస్తున్నాడు, లైసెన్స్ ఉంది. అతన్ని నష్టపరిచింది జబ్బు కంటే ఆ డబ్బానే.

మీ పిల్ల ఒంటరిది కాదు. జాతీయ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదికలో, సర్వేకి జవాబిచ్చిన ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు ఏదో ఒక మానసిక అనారోగ్యం ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పారు. అంటే నలుగురిలో ఒకరి కంటే ఎక్కువ. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్న విద్యార్థుల కేసుల్లో, వైకల్యం శాతం అంకె చూసి మెడికల్ సీటు కాదనకూడదని, ఆ మనిషి ఏం చేయగలడో చూడాలని చెప్పింది. మీ అమ్మాయికి వైకల్యం కోటాతో పనిలేదు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి చెప్పాను.

ఇక జార్జియా. 'ఇవేవీ అడగరు' అన్నవాడు మీకు సీటు అమ్మేవాడన్నా. అక్కడ చదివినా ఇక్కడ వైద్యం చేయాలంటే లైసెన్స్ ఇచ్చేది మళ్ళీ ఇక్కడి కౌన్సిలే కదా! 2021 నిబంధనల ప్రకారం చదువు 54 నెలలకు తగ్గకూడదు, ఇంగ్లీషులో జరగాలి, చదివిన చోటే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీసుకు పనికొచ్చే అర్హత ఉండాలి, ఇక్కడికొచ్చి ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. మధ్యలో విదేశాల్లో చదివినవాళ్ళు ఇక్కడ రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష, 300 మార్కులకు 150 రావాలి. చాలా విడతల్లో, పరీక్ష రాసిన అయిదుగురిలో ఒకరే గట్టెక్కారు, ఎప్పుడో కాస్త మెరుగు. నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద ఫ్లెక్సీల్లో చిరునవ్వు ఫొటోలు చూస్తాం. పరీక్ష మూడోసారి, నాలుగోసారి రాస్తూ ఇంట్లో కూర్చున్న పిల్లల ఫొటోలు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు. వాళ్ళు నా దగ్గరికి వస్తారు. బాగా చదివి తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు, కాదనను. సీటు రాక, అప్పు భారం కాక, పిల్లకు గట్టి మనసుండి వెళ్తే ఒక లెక్క. ఇక్కడ కన్వీనర్ సీటు చేతికొస్తుంటే వదులుకొని వెళ్ళడం ఏ లెక్కా కాదు.

పైగా మీ పిల్లకు అది మరీ తప్పు. ఏడాది కిందట నెల్లూరు హాస్టల్లోనే, ఇంటికి గంటన్నర దూరంలో ఉండి నలిగిపోయింది. దూర దేశంలో, భాష రాని చోట, రాత్రి పదకొండింటికి దిగులు పుడితే ఎవరితో తెలుగులో చెప్పుకుంటుంది? మాత్రలు అయిపోతే ఎవరు రాస్తారు? కొన్ని దేశాల్లో ఇలాంటి మందులు వెంట తీసుకెళ్ళడానికే సవాలక్ష షరతులుంటాయి. రికార్డు దాచడానికి పిల్లను దూరం పంపితే, రికార్డు రాసిన డాక్టర్‌కీ దూరం చేసినట్టే.

అమెరికా మాటకొస్తే, ఇక్కడ చదివినా ఆ దారి మూసుకుపోదు. అమెరికా లైసెన్స్‌కు రాయాల్సిన యూఎస్ఎంఎల్ఈ పరీక్ష ఇక్కడి కాలేజీల నుంచీ రాస్తున్నారు. అది ఇప్పుడు తేల్చాల్సింది కాదు, మూడో ఏడాదిలో అమ్మాయే తేల్చుకుంటుంది. కాబట్టి ఆప్షన్లలో ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ కాలేజీలు పైన పెట్టండి. మార్కులు అందకపోతే చుట్టుపక్కల జిల్లాలు. పేరున్న కాలేజీ కంటే శనివారం బస్సెక్కితే రాత్రికి ఇంటికి చేరే కాలేజీ మీ పిల్లకు మంచిది. చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు, చూసిన డాక్టర్ అడిగినదానికి నిజం చెప్పనివ్వండి. చదువు మధ్యలో కొంతకాలం ఆగాల్సి వచ్చినా కొంప మునగదు. మొదటి ఏడాది పరీక్షకు నాలుగు అవకాశాలున్నాయి, ఎంబీబీఎస్ పూర్తి చేయడానికి చేరిన నాటి నుంచి తొమ్మిదేళ్ళ గడువుంది.

సంబంధాల గురించి ఇప్పుడే ఎందుకన్నా? పంతొమ్మిదేళ్ళ పిల్ల. పెళ్ళి మాటలు వచ్చే రోజుకి తనే డాక్టరై ఉంటుంది. ఎవరికి ఎంత చెప్పాలో తనే చెబుతుంది.

సీటు ఆప్షన్లకు ఇంకా టైముంది. శనివారం లోపల పొగతోట వెళ్ళి రండి. మీరు కూడా లోపలికి వెళ్ళండి, వెలుపల బెంచీ మీద కూర్చోకండి. హాస్టల్ మారుతున్న సంగతి, మీ తోడల్లుడు అన్న సంగతి డాక్టర్‌కి చెప్పి, కొత్త ఊళ్ళో ఎవరికి చూపించాలో రాయించుకోండి. రాత్రిపూట ఎప్పుడైనా మనసు బరువనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, అది అమ్మాయి ఫోన్‌లో సేవ్ చేయించండి. ఫైలు మాత్రం తీసుకెళ్ళడం మర్చిపోకండి.