పీసీఆర్‌లో సీఎంవీ పాజిటివ్, పీపీ65 స్లైడ్ నెగటివ్

బహుశా రక్తం ల్యాబ్‌కు ఆలస్యంగా చేరుతోంది. మీ కిడ్నీ మార్పిడి రోగికి సీఎంవీ (సైటోమెగలోవైరస్) పీసీఆర్, అంటే వైరస్ డీఎన్‌ఏను వెతికే పరీక్ష, పాజిటివ్; పీపీ65 స్లైడ్, అంటే తెల్లకణాల్లో ఆ వైరస్ ప్రోటీన్‌ను (యాంటిజెన్) వెతికే పరీక్ష, మాత్రం మూడుసార్లూ నెగటివ్ అన్నారు కాబట్టి ముందు అదే చూడండి.

1. రక్తం తీసిన 6 నుంచి 8 గంటల్లోపు స్లైడ్ చేయాలి. రాత్రంతా ఉంచితే న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) చెడిపోతాయి, వెతికే యాంటిజెన్ ఉండేది వాటిలోనే.

2. చాలామంది వదిలేసేది కణాల లెక్క. ఎర్ర కణాలను లైసిస్ చేశాక (పగలగొట్టాక) తెల్లకణాలు లెక్కపెట్టి, స్లైడ్‌కు 2 లక్షలు వేయండి. అంచనాగా వేస్తే పాజిటివ్ కణాలు దొరక్కపోవచ్చు.

3. కణం కేంద్రకంలో మెరిస్తేనే పాజిటివ్. పోల్చడానికి కంట్రోల్ స్లైడ్ (ఫలితం ముందే తెలిసినది) పక్కనే పెట్టుకోండి.

రోగికి న్యూట్రోఫిల్స్ బాగా తక్కువుంటే ఇవన్నీ సరిచేసినా నెగటివ్ రావచ్చు. అప్పుడు పీసీఆర్‌నే నమ్మండి, డాక్టరుకు ఈరోజే చెప్పండి.